న్యాయపీఠమునకు దారి
అమెరికా దేశమున ఫెడరల్ న్యాయాధిపతుల నియామక వివాదములు

1920వ సంవత్సరము మే నెల 25వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రములలో నెబ్రాస్కా అను రాష్ట్రమున, ఒక పల్లెటూరి పాఠశాలలో రాబర్టు మేయరు అను ఉపాధ్యాయుడు పదియేండ్ల బాలునిచేత జర్మను భాషలో బైబిలు కథలు చదివించుచుండెను. ఆ ప్రాంతమున స్థిరపడిన జర్మను కుటుంబములవారు తమ మతసంఘము పక్షమున నడుపుకొనుచున్న పాఠశాల అది. అంతకు ముందటి సంవత్సరముననే ఆ రాష్ట్రపు శాసనసభ యొక చట్టము చేసియుండెను. ఏ పాఠశాలలోనైనను పాఠములు ఇంగ్లీషుననే చెప్పవలెననియు, ఎనిమిదవ తరగతి పూర్తికాని పిల్లలకు ఇంగ్లీషు తప్ప వేరొక వాడుక భాషను నేర్పరాదనియు దాని సారాంశము. జర్మనీతో జరిగిన మొదటి ప్రపంచ యుద్ధపు వేడి ఇంకను చల్లారని దినములవి. మేయరుగారికి 25 డాలర్ల జరిమానా విధింపబడెను. రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము కూడ ఆ శిక్షను సమర్థించెను.

ఆయన అంతటితో ఊరకుండక వాషింగ్టను నగరములోని సుప్రీం కోర్టు నాశ్రయించెను. 1923 జూన్ 4వ తేదీన ఆ న్యాయస్థానము ఆ చట్టము చెల్లదని తీర్పు చెప్పెను. తనకు వచ్చిన విద్యను నేర్పుటకు ఉపాధ్యాయునికిని, తమ బిడ్డలకు దానిని నేర్పించుకొనుటకు తల్లిదండ్రులకును గల స్వేచ్ఛను రాజ్యాంగము కాపాడుచున్నదని తేల్చెను. తొమ్మిదిమంది న్యాయమూర్తులలో ఏడుగురు ఈ తీర్పునకు అనుకూలురు, ఇద్దరు ప్రతికూలురు.

హోసూరులోను, బళ్లారిలోను, బరంపురములోను, షోలాపురములోను, యానాములోను తెలుగును ఇంటి భాషగా నిలుపుకొనివచ్చుచున్న మనవంటివారికి ఈ కథ పరదేశపు కథగా తోపదు. శాసనసభలో వోట్లు లేని చిన్న సమూహమునకు తుదకు దిక్కైనది న్యాయపీఠము. కాని ఆ పీఠముపై కూర్చున్నవారును మనుష్యులే. వారు అచ్చటికి ఎట్లు వచ్చిరి? ఎవరు పంపిరి? ఎవరు అడ్డగింపజూచిరి? ఈ ప్రశ్నలపై అమెరికాలో రెండు వందల సంవత్సరములకు పైగా కలహము జరుగుచున్నది. ఆ కలహమును అర్థము చేసికొనుట మనకును ప్రయోజనకరమే.

మొదట ఏర్పాటు ఏమో చూతము. అమెరికాలో ఒక్కొక్క రాష్ట్రమునకు దాని సొంత న్యాయస్థానములు కలవు. దేశమంతటికి చెందిన రాజ్యాంగమును, కాంగ్రెసు అను కేంద్ర శాసనసభ చేసిన చట్టములను గూర్చి విచారించుటకు కేంద్ర న్యాయస్థానములు వేరుగా నున్నవి. వీనినే ఫెడరల్ న్యాయస్థానములందురు. అడుగున 94 జిల్లా న్యాయస్థానములు, వానిపై 13 అప్పీలు న్యాయస్థానములు, అన్నిటికి పైన సుప్రీం కోర్టు. సుప్రీం కోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులుండవలెనను నియమము 1869 నుండి మారలేదు.

1787లో ఫిలడెల్ఫియా నగరమున కూడి రాజ్యాంగమును రచించిన పెద్దలు ఈ న్యాయాధిపతుల నియామకాధికారమును ఒక్కరి చేతిలో పెట్టలేదు. దేశాధ్యక్షుడు పేరును సూచింపవలెను. సెనెటు సలహా పొంది, దాని సమ్మతితో నియమింపవలెను. సెనెటు అనగా కాంగ్రెసులోని ఎగువ సభ. చిన్నది పెద్దది యను భేదము లేక రాష్ట్రమునకు ఇద్దరు చొప్పున నేడు అందులో 100 మంది సభ్యులు. అధ్యక్షుడు పంపిన పేరు మొదట సెనెటులోని న్యాయవ్యవహారముల సంఘమునకు పోవును. సంఘమువారు అభ్యర్థిని పిలిపించి ప్రశ్నింతురు. అతని పూర్వపు తీర్పులను, వ్రాతలను, నడవడిని పరిశీలింతురు. పిమ్మట సభ మొత్తము వోటు చేయును.

ఒకసారి నియమితుడైన న్యాయాధిపతి సత్ప్రవర్తన గలంతకాలము, అనగా తాను వదలుకొననిచో జీవితాంతము, పదవిలోనుండును. అతని జీతమును తగ్గించుటకు ఎవరికిని అధికారము లేదు. తొలగింపవలెనన్న దిగువ సభ నేరము మోపవలెను; ఎగువ సభలో మూడింట రెండు వంతులవారు నేరము ఋజువైనదని వోటు చేయవలెను. సుప్రీం కోర్టు న్యాయమూర్తులలో ఇట్లు నేరము మోపబడినవాడు 1804లో శామ్యూల్ చేజ్ ఒక్కడే. ఆయనయు 1805లో విడుదలయ్యెను. మన యిండ్లలో పిల్లనిచ్చుటకు ముందు వరుని గుణగణములను నలుగురి నోట విచారింతుము. మూడు ముళ్లు పడిన తరువాత విచారణవలన ఫలము లేదు. సెనెటువారి పరిశీలనయు అట్టిదే. అడుగవలసినదంతయు ముందే అడుగవలెను గనుక ఆ ఘట్టముననే సంఘర్షణ యంతయు పోగుపడును.

ఈ తగవు నేటిది కాదు. మొదటి అధ్యక్షుడైన వాషింగ్టను ప్రధాన న్యాయమూర్తి పదవికి ఎన్నుకొనిన జాన్ రట్లెడ్జిని 1795లోనే సెనెటు తిరస్కరించెను. బ్రిటనుతో చేసికొనిన ఒడంబడికను ఆయన బహిరంగముగా ఖండించుట దానికి ముఖ్య కారణము. 1800లో జరిగిన ఎన్నికలో ఓడిపోయిన అధ్యక్షుడు ఆడమ్సు పదవి వదలుటకు ముందు, ఆయన పక్షమువారు 16 క్రొత్త న్యాయాధిపతి పదవులను సృష్టించి త్వరత్వరగా తమవారితో నింపిరి. క్రొత్తగా వచ్చిన జెఫర్సను పక్షమువారు 1802లో ఆ చట్టమునే రద్దు చేసిరి. ఆ హడావుడిలోనే నియామకమైనను పత్రము చేతికందని మార్బరీ యను నతడు వేసిన దావాలో 1803లో సుప్రీం కోర్టు ఒక గొప్ప సూత్రమును స్థాపించెను: కాంగ్రెసు చేసిన చట్టమైనను రాజ్యాంగమునకు విరుద్ధమైనచో చెల్లదు. న్యాయస్థానమునకుగల ఇట్టి అధికారమే 120 సంవత్సరముల పిమ్మట మేయరుగారికి అండయై నిలిచినది.

1916 జనవరిలో అధ్యక్షుడు విల్సను లూయీ బ్రాండైసు పేరును సుప్రీం కోర్టునకు సూచించెను. బ్రాండైసు పెద్ద కంపెనీలపై సామాన్య జనుల పక్షమున వాదించిన న్యాయవాది, యూదుడు. అంతవరకు యూదులెవరును ఆ పీఠము నెక్కియుండలేదు. వ్యాపార వర్గములవారును, న్యాయవాదులలో పేరుపొందిన కొందరును ఆయనను తీవ్రముగా వ్యతిరేకించిరి. సెనెటు సంఘము సుప్రీం కోర్టు అభ్యర్థిని గూర్చి బహిరంగ విచారణ జరుపుట అదియే మొదలు. నాలుగు నెలల వాదోపవాదముల అనంతరము జూన్ 1వ తేదీన 47 వోట్లు అనుకూలముగను, 22 ప్రతికూలముగను వచ్చి ఆయన నియామకము స్థిరపడెను. 1923లో మేయరుగారికి అనుకూలముగా నిలిచిన ఏడుగురిలో ఈ బ్రాండైసు ఒకడు.

ఇటీవలి కాలమున ఈ వివాదము మరింత ముదిరినది. 1986లో స్కాలియా అను న్యాయమూర్తికి సెనెటులో 98 వోట్లు వచ్చెను. ఎదురు వోటు ఒక్కటియు లేదు. 1993లో గిన్స్‌బర్గు అను న్యాయమూర్తికి 96 అనుకూలము, 3 ప్రతికూలము. వీరిద్దరి అభిప్రాయములు ఉత్తర దక్షిణ ధ్రువములు; అయినను సమర్థులని రెండు పక్షములవారును అంగీకరించిరి. కాని ఈ రెంటి నడుమ 1987లో రాబర్టు బోర్కు పేరు 42 వోట్లకు 58 వోట్లతో తిరస్కరింపబడెను. ఆయన పాండిత్యమును ఎవరును శంకింపలేదు. పౌరహక్కులను, వ్యక్తుల ఆంతరంగిక స్వేచ్ఛను గూర్చి ఆయన వెలిబుచ్చిన అభిప్రాయములే వాదమునకు మూలమయ్యెను. సామర్థ్యముతోపాటు అభిప్రాయములను గూడ తూకము వేయుట న్యాయమా కాదా యను చర్చ ఆనాటి నుండి చల్లారలేదు.

పోరాటము క్రింది న్యాయస్థానములకును ప్రాకినది. దీనికి కారణము సులభముగా ఊహింపవచ్చును. సుప్రీం కోర్టు సంవత్సరమునకు నూటికి లోపు వ్యాజ్యములనే పూర్తిగా విచారించును. తక్కినవానికి అప్పీలు న్యాయస్థానమే తుది మెట్టు. సెనెటులో ఫిలిబస్టరు అను పద్ధతి యొకటి కలదు. చర్చను ముగింపనీయక సాగదీయుట దాని తంత్రము. దానిని ఆపుటకు 1975 నుండి 60 మంది సమ్మతి కావలసివచ్చెను. 2001లో అధ్యక్షుడు బుష్ అప్పీలు న్యాయస్థానమునకు సూచించిన మిగ్వెల్ ఎస్ట్రాడాను డెమొక్రాటిక్ పక్షమువారు ఈ పద్ధతితో అడ్డగింపగా, ఆయన విసిగి 2003లో తన పేరును ఉపసంహరించుకొనెను. 2005లో ఒక్కొక్క పక్షమునుండి ఏడుగురు చొప్పున పదునలుగురు సభ్యులు కూడి తాత్కాలికముగా రాజీ కుదిర్చిరి. అది నిలువలేదు. అధ్యక్షుడు ఒబామా సూచించినవారిని రిపబ్లికను పక్షమువారు అడ్డుకొనుచున్నారని, 2013 నవంబరులో డెమొక్రాటిక్ పక్షమువారు క్రింది న్యాయస్థానముల విషయమున 60 వోట్ల నియమమును తీసివేసి సామాన్యాధిక్యత చాలునని మార్చిరి. 2017లో రిపబ్లికను పక్షమువారు అదే మార్పును సుప్రీం కోర్టునకును వర్తింపజేసిరి. ఒకరు తెరచిన తలుపుగుండ మరియొకరు ప్రవేశించిరి.

అన్నింటికంటె మిక్కిలి చేదైనది 2016 నాటి సంగతి. ఆ ఫిబ్రవరిలో స్కాలియా మరణించెను. మార్చి 16వ తేదీన ఒబామా మెరిక్ గార్లండు పేరును పంపెను. అది ఎన్నికల సంవత్సరమనియు, ప్రజలు క్రొత్త అధ్యక్షుని ఎన్నుకొనునంతవరకు ఆగవలెననియు చెప్పి, సెనెటులో ఆధిక్యము గల రిపబ్లికను పక్షమువారు విచారణయైనను జరుపలేదు. 293 దినములు వేచిన పిమ్మట ఆ సూచన గడువు తీరి పోయెను. 2020 సెప్టెంబరు 18వ తేదీన గిన్స్‌బర్గు మరణించెను. అదియు ఎన్నికల సంవత్సరమే. ఈసారి అధ్యక్షుడు ట్రంపు సూచించిన ఏమీ బారెట్‌ను అదే పక్షమువారు అక్టోబరు 26వ తేదీన 52 వోట్లకు 48 వోట్లతో నియమించిరి; ఎన్నిక దినమునకు ఎనిమిది దినములే మిగిలియుండెను. అధ్యక్షుడును సెనెటును ఒకే పక్షమువారైనందున ఈ సందర్భము వేరని వారి సమాధానము. ఏ ఎండకా గొడుగని ఎదుటి పక్షమువారి నింద. రాజ్యాంగమున గడువు విధింపబడలేదు గనుక రెండు పనులును అక్షరార్థమున నియమబద్ధములే. కాని అక్షరమునకు వెనుకనుండవలసిన మర్యాద దెబ్బతినినదని అనేకులు బాధపడిరి.

ఇంత పట్టుదల ఎందులకు? పదవి జీవితాంతముండుటచే ఒక అధ్యక్షుడు నాలుగేండ్లలో చేసిన నియామకము ముప్పది యేండ్లు ఫలించును. శాసనసభలో తెగని ప్రశ్నలు, జాతి, మతము, ఆయుధములు, గర్భస్రావము మున్నగు వానికి చెందినవి, న్యాయస్థానమునకు చేరుచున్నవి. 1973లో స్థాపింపబడిన గర్భస్రావ హక్కును 2022లో సుప్రీం కోర్టు త్రోసివేసినపుడు ట్రంపు నియమించిన ముగ్గురును ఆ తీర్పును సమర్థించిరి. కావున ఆసనమును గూర్చిన కలహము వట్టి గౌరవము కొరకైన కలహము కాదు.

అయినను ఒక మాట మరువరాదు. న్యాయమూర్తి రేపు చెప్పబోవు తీర్పు నేడు అతని నుదుట వ్రాసియుండదు. మేయరు వ్యాజ్యమున తీర్పు వ్రాసినది జేమ్సు మెక్‌రేనాల్డ్సు. ఆయనను 1914లో నియమించినది కూడ విల్సనే. కాని బ్రాండైసునకును ఆయనకును చుక్కెదురు. మెక్‌రేనాల్డ్సు ప్రభుత్వ జోక్యమును గిట్టనివాడు, పరుష స్వభావుడు; యూదులయెడ తన ద్వేషమును దాచుకొనినవాడును కాడు, బ్రాండైసుతో మాటలాడుటయే ఇష్టపడెడివాడు కాడు. అట్టివారిద్దరును ఒక అల్పసంఖ్యాక భాషాపాఠశాలకు అనుకూలముగా ఒకే తీర్పున చేరిరి. 1925లో ప్రైవేటు పాఠశాలలను మూయించునట్టి ఆరిగను రాష్ట్రపు చట్టమును కొట్టివేసిన తీర్పును, 1927లో హవాయి దీవులలోని జపాను భాషా పాఠశాలలను కాపాడిన తీర్పును గూడ మెక్‌రేనాల్డ్సే వ్రాసెను. స్వేచ్ఛావాదిగా ప్రఖ్యాతి గాంచిన హోమ్సు మహాశయుడో, మేయరునకు వ్యతిరేకముగా నిలిచెను.

మరి రెండు ఉదాహరణములు. 1930లో జాన్ పార్కరు అను అప్పీలు న్యాయాధిపతిని సుప్రీం కోర్టునకు సూచింపగా, ఆయన పూర్వము నల్లజాతివారి రాజకీయ హక్కులను గూర్చి పలికిన మాటలవలనను, కార్మికులకు ప్రతికూలమైన తీర్పువలనను 39 వోట్లకు 41 వోట్లతో తిరస్కరించిరి. ఆ పార్కరే 1940లో నల్లజాతి ఉపాధ్యాయులకు తెల్లవారితో సమానమైన జీతమీయవలెనని తీర్పు వ్రాసెను. 1951లో మరల వేరు వేరు పాఠశాలల పద్ధతిని సమర్థించెను. 1937లో నియమితుడైన హ్యూగో బ్లాకు పూర్వము కూ క్లక్సు క్లాను అను జాతిద్వేష సంఘమున సభ్యుడుగా నుండెనని నియామకము ముగిసిన పిదప వెల్లడియై దేశము నివ్వెరపోయెను. 1954లో పాఠశాలలలో వర్ణభేదము చెల్లదని ఏకగ్రీవముగా చెప్పిన న్యాయమూర్తులలో ఆయనయు ఒకడు. ఇటీవల 2020 డిసెంబరులో, నాలుగు రాష్ట్రముల ఎన్నిక ఫలితములను త్రోసిపుచ్చవలెనని టెక్సాసు రాష్ట్రము వేసిన దావాను సుప్రీం కోర్టు స్వీకరింపలేదు. ఆ దావాను ట్రంపు బలపరచెను. అయినను ఆయన నియమించిన ముగ్గురిలో ఒక్కరును దానిపై భిన్నాభిప్రాయము తెలుపలేదు.

దీనినిబట్టి నియామక సమయమున పరిశీలన వ్యర్థమని భావింపరాదు. అభ్యర్థి నడవడిని, నిష్పాక్షికతను బహిరంగముగా పరీక్షించుట ప్రజలకు గల హక్కు. బ్లాకు విషయమున ఆ పరీక్ష చాలినంత జరుగలేదు గదా! కాని పరీక్ష వేరు, ముందుగా తీర్పు వ్రాయించుకొనుట వేరు. ఏ పక్షమునకు వోటు వేయుదువని అడిగి పీఠమెక్కించినచో, అతని ఎదుట నిలిచిన బీద కక్షిదారునికి ధైర్యమెట్లు కలుగును? నియామకములు నిలిచిపోయి ఆసనములు ఖాళీగా నున్నచో వ్యాజ్యములు పేరుకొనిపోవును. అన్నింటికంటె పెద్ద నష్టము నమ్మకము నశించుట. ఓడినవాడు కూడ ఈ తీర్పు న్యాయబుద్ధితో చెప్పబడినదని నమ్మినప్పుడే న్యాయస్థానమునకు బలము. దానికి సైన్యము లేదు, ధనాగారము లేదు.

మన దేశపు పద్ధతి వేరు. ఇచ్చట న్యాయమూర్తుల పేర్లపై శాసనసభలో వోటు లేదు. రాజ్యాంగము ప్రకారము న్యాయమూర్తులతో సంప్రదించి రాష్ట్రపతి నియమించును. 1993 నాటి తీర్పు ననుసరించి ప్రధాన న్యాయమూర్తియు, సీనియరు న్యాయమూర్తులును గల కొలీజియము పేర్లను ఎంపిక చేయుచున్నది. దీనికి బదులుగా ప్రభుత్వ ప్రతినిధులకు గూడ స్థానమిచ్చు సంఘమును 2014లో రాజ్యాంగ సవరణచే ఏర్పరుపగా, సుప్రీం కోర్టు 2015 అక్టోబరు 16వ తేదీన దానిని కొట్టివేసెను. అమెరికాలో దీపములు మరీ ఎక్కువై కన్నులు మిరుమిట్లు గొలుపుచున్నవి. మనకడ గది తలుపులు మూసియున్నవను విమర్శ కలదు. ఏ పద్ధతియందును లోపము లేకపోలేదు.

మనకు మాత్రము ఆ గదిలోని నిర్ణయములు దూరపు సంగతులు కావు. అల్పసంఖ్యాకులు తమ విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొను హక్కును మన రాజ్యాంగము 30వ అధికరణమున ఇచ్చినది. కాని భాషాల్పసంఖ్యాకులనగా ఎవరు? కోట్లమంది మాటలాడు తెలుగు అల్పసంఖ్యాక భాష యెట్లగును? ఈ ప్రశ్నకు 2002 అక్టోబరు 31వ తేదీన పదునొకండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము సమాధానము చెప్పినది: దేశమునుబట్టి కాదు, రాష్ట్రమునుబట్టి నిర్ణయింపవలెను. అందువలన కర్ణాటకములోను, తమిళనాటను, ఒడిశాలోను, మహారాష్ట్రములోను తెలుగువారు ఆ హక్కునకు అర్హులైరి. మన పాఠశాలల ద్వారబంధమున ఆ ధర్మాసనపు చేవ్రాలున్నదని చెప్పుకొనవచ్చును.

తల్లిదండ్రులారా! న్యాయపీఠముపై ఎవరు కూర్చుండవలెనో నిర్ణయించు శక్తి మనకు లేదు. మన పక్షమువారే కూర్చుండవలెనని కోరుటయు మేలు కాదు; నేడు మన పక్షమైనవాడు రేపు మరియొకరి పక్షమగును. కోరదగినది వెరపును ఆశయు లేక వినగల న్యాయమూర్తి. అయినను అట్టివాడు సైతము తన ముందుకు వచ్చిన మొరనే వినగలడు. నెబ్రాస్కాలో ఒక ఉపాధ్యాయుడు 25 డాలర్లు కట్టి యింటికి పోయియుండినచో ఆ తీర్పు పుట్టియుండెడిది కాదు. వెనుక నిలిచిన సంఘము లేనిచో ఆయన అంత దూరము పోగలిగియుండెడివాడు కాడు. మన హక్కులేవో మనము తెలిసికొని, మన పాఠశాలకు మన పిల్లలను పంపి, అవసరము వచ్చినపుడు విధేయతతోను ధైర్యముతోను మొరపెట్టుకొనుట, ఇంతవరకు మన చేతిలోని పని. ఆ పనిని మనము చేసినప్పుడే పీఠముపైని న్యాయమూర్తి తన పనిని చేయగలడు.